అరువు ఊపిరి

పన్నెండేళ్లుగా నేను ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. నోట్లోంచి రావడానికి అరనిమిషం కూడా పట్టలేదు. కానీ ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఏ స్టేజీ ఎక్కినా, ఎవరు చప్పట్లు కొట్టినా, ఆ చప్పట్లు సద్దుమణగగానే నాకు ఆ మాటే వినబడుతుంది. ఇంట్లో చెప్పలేదు. నా భార్యకూ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు చెప్పను. అది కూడా పిరికితనమే అంటే కాదనను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఫంక్షన్లకు వెళ్లే అలవాటు ఉంటే మీరు నన్ను చూసే ఉంటారు. తెల్ల కోటు వేసుకుని, బంగారు రంగు శాక్సోఫోన్ మెడలో వేసుకుని, టేబుళ్ల మధ్య తిరుగుతూ ఊదే మనిషిని నేనే. పక్కన తబలా ఉండదు, పాడేవాళ్లు ఉండరు. ఒక్కడినే గంటన్నర జనాన్ని కూర్చోబెడతాను. పెళ్లికూతురి అమ్మమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఊదుతాను. ఆవిడ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. హాలంతా నవ్వుతుంది. ఈ విద్యలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు. నాకు వచ్చింది ఏమిటో, రానిది ఏమిటో ముందే మీకు తెలియాలని చెబుతున్నాను.

అప్పట్లో నాకు రానిది గుక్క.

శాక్సోఫోన్‌లో ఒక స్వరం పట్టుకుని, మధ్యలో తెగకుండా రెండు మూడు నిమిషాలు లాగడం ఉంటుంది. ముక్కుతో గాలి తీసుకుంటూనే నోటితో వదలాలి. రెండూ ఒకేసారి. వినడానికి తేలికగా ఉంటుంది. నా పేరు ఊరూరా తిరిగింది ఆ గుక్కతోనే. ఆ గుక్క నాది కాదు.

అది ఏసోబు సారుది.

మాది పెన్‌పహాడ్ దగ్గర పల్లె. ఇంట్లో గొర్లు. ఇంటర్ తప్పాక నన్ను గొర్ల వెంట పంపడం ఇష్టం లేక మా నాయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పెట్టించాడు. బస్తాల మూతులు కుట్టే పని. మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం, అన్నం తినే వేళ, మిల్లు వెనక ఊక గుట్ట అవతల నుంచి ఒక పాట వినబడింది. పాట అనాలో ఏమనాలో. ఎవరో ఏడవబోయి ఆపుకున్నట్టుగా ఉంది. వెళ్లి చూస్తే బాయిలర్ దగ్గర పనిచేసే ముసలాయన, ఒళ్లంతా ఊక దుమ్ముతో, తిరగేసిన బకెట్ మీద కూర్చుని పాత శాక్సోఫోన్ ఊదుతున్నాడు. అప్పటికి ఆయనకు యాభై దాటి ఉంటాయేమో. నా వయసుకు ముసలాయనే అనిపించాడు. కళ్లు మూసుకున్నాడు. ముఖం చూస్తే పంటి నొప్పితో బాధపడుతున్నాడేమో అనుకుంటారు. పెళ్లిళ్ల సీజనులో బ్యాండ్ మేళంలో ఊదేవాడు, మిగతా రోజులు మిల్లు. వాద్యం కూడా ఆయన వయసుదే. ఒక కీ స్ప్రింగు పోతే రబ్బరు బ్యాండు కట్టుకున్నాడు. ఆ కీ పడినప్పుడల్లా టక్కుమని చప్పుడయ్యేది.

ఆయనే ఏసోబు సారు. నేర్పమని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు, ఏమిస్తావని కూడా అడగలేదు. మరునాడు ఒక బొప్పాయి ఆకు కాడ కోసుకొచ్చాడు. లోపల బోలుగా, గొట్టంలా ఉంటుంది కదా. దాన్ని చెంబు నీళ్లలో ముంచి ఊదమన్నాడు. నీళ్లలో బుడగలు వస్తాయి. ఆ బుడగలు ఆగకూడదు. అదే పాఠం. బుడగలు ఆగకుండా ఊపిరి తీసుకోవడం వచ్చాకే శాక్సోఫోన్ మీద గుక్క అన్నాడు.

పాటలు నేర్పాడు. వేళ్లు నేర్పాడు. అవన్నీ వచ్చాయి. కాడ మాత్రం రాలేదు. రాలేదంటే, నేను కూర్చోలేదు. పదిహేను లెక్కపెట్టేసరికి బుడగలు ఆగిపోయేవి, నాకు విసుగొచ్చేది. చెంబు ముందు కూర్చుని బుడగలు ఊదేవాణ్ణి ఎవరు చూస్తారు? ఎవరు చప్పట్లు కొడతారు? అప్పటికే చిన్న చిన్న ఫంక్షన్లలో ఊదుతున్నాను. నా నడుం వంపులకు, నా తిరుగుళ్లకు జనం ఈలలు వేస్తున్నారు. ఒకసారి ఏసోబు సారు అది చూశాడు. తిడతాడనుకున్నాను. ఆయన నవ్వి, "జనం సంబురపడుతున్నరు బిడ్డా. అది సుత పనే. నాకు రాదు" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మాటను నేను నాకు కావలసినట్టు వాడుకున్నాను.

తర్వాత ఒక ఆదివారం, ఆయన చర్చి నుంచి వచ్చి ఇంటి ముందు కూర్చున్నప్పుడు, ఆయన సొంతంగా కట్టుకున్న వరస ఒకటి ఊదమన్నాను. దానికి పేరు లేదు. మెల్లగా మొదలై, చివరికి పైస్వరం మీద మూడు నిమిషాల గుక్కతో ముగుస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. "ఇంట్ల ఇని నేర్చుకుంట సారూ" అన్నాను. అన్నప్పుడు అబద్ధం కాదు. నిజంగానే అనుకున్నాను. ఎన్ని పాడు పనులు ఇలా మంచి ఉద్దేశంతో మొదలవుతాయో నాకు తెలియదు గానీ, నాది అలాగే మొదలైంది.

వారం తిరక్కుండా అది పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది. కొంచెం ప్రతిధ్వని కలిపాను. కాలి దగ్గర ఒక బటన్ పెట్టుకున్నాను. మిగతా పాటలన్నీ నేనే ఊదేవాణ్ణి. నమ్మండి, అవన్నీ నేనే. చివరి ఐటమ్‌కు మాత్రం బటన్ నొక్కి, మైకు ఆపేసి, బుగ్గలు పూరించి వేళ్లు కదిపేవాణ్ణి. గుక్క మొదలవగానే గుండ్రంగా తిరిగేవాణ్ణి. నడుం వెనక్కి వంచి, జుట్టు స్టేజీకి తగిలేదాకా వంగేవాణ్ణి. ఊదే పని లేని మనిషి ఎంతైనా వంగొచ్చు కదా. జనం లేచి నిలబడేవారు. "గుక్క ఐటమ్ పెట్టన్నా" అని అడిగి మరీ పిలిపించుకునేవారు. వరస ఎవరిదని అడిగితే "మనదే" అనేవాణ్ణి. ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. రికార్డులో ఆ రబ్బరు బ్యాండు కీ చప్పుడు కూడా పడింది. టక్. అది నా స్టైల్ అనుకుని, కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు మంచి కీలున్న వాద్యాల మీద కూడా ఆ టక్ తెప్పించడానికి తంటాలు పడేవారు.

ఇక కోదాడ.

ఓణీల ఫంక్షన్. పట్టపగలు, భోజనాల వేళ. ఆ అమ్మాయిని ఇంటి దగ్గర నుంచి ఫంక్షన్ హాలు దాకా ఊరేగింపుగా తీసుకొచ్చారు. అందులో బ్యాండ్ ఉందని తెలుసు. ఆ బ్యాండ్‌లో ఏసోబు సారు ఉన్నాడని తెలియదు. నేను లోపల కోటు సర్దుకుంటున్నాను. వాళ్లు మేళం ముగించి, పక్క తలుపు దగ్గర భోజనాల కోసం నిలబడ్డారట.

చివరి ఐటమ్ మొదలుపెట్టాను. గుక్క ఎక్కింది. నిమిషం దాటింది. నేను వెనక్కి వంగి ఉన్నాను. అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి, లైట్లు ఆగాయి. నా గుక్క కూడా ఆగింది. మీకు అర్థమైందనుకుంటాను. ఊదే వాద్యానికి కరెంటుతో పనిలేదు. కరెంటు పోతే మైకు పోతుంది, వాద్యం మోగుతూనే ఉండాలి. అయిదారు వందల మంది ముందు నేను బుగ్గలు పూరించుకుని, వేళ్లు కీల మీద పెట్టుకుని, నిశ్శబ్దంగా వంగి ఉన్నాను. నిజంగా ఊదడానికి కూడా చేతకాలేదు. భయంతో పెదవులు బిగుసుకుపోయాయి. తల ఎత్తితే ముందు వరసలో ఒకాయన ముఖంలో అనుమానం మొదలవడం నాకు కనిపించింది. మూడు క్షణాలో, నాలుగు క్షణాలో.

అదే స్వరం వచ్చింది. పక్క తలుపు దగ్గర నుంచి. ఎక్కడ తెగిందో అక్కడి నుంచే, పైస్వరం మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా. మైకు లేదు, ప్రతిధ్వని లేదు. ఏసోబు సారు రంగు వెలిసిన ఎర్ర బ్యాండ్ కోటులో, గుండీలు ఊడిన కోటులో, కుర్చీల మధ్యగా నడిచొస్తున్నాడు. ఆ రోజు ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. నా వైపే చూస్తున్నాడు. దగ్గరికొచ్చి కనుబొమ్మ కిందికి దించాడు. కింది స్వరం పట్టమని. మిల్లు వెనక అలాగే సైగ చేసేవాడు. పట్టాను. నా ఊపిరి అయిపోయినప్పుడల్లా తీసుకున్నాను. ఆ సందులు ఎవరికీ వినబడలేదు, పైన ఆయన గుక్క ఉంది కాబట్టి. కడదాకా తీసుకెళ్లి, టక్కుమనిపించి, దించాడు. ఆ ఐటమ్‌లో నేను నిజంగా ఊదడం అదే మొదటిసారి.

జనం ఊగిపోయారు. ఇద్దరం ముందే అనుకుని చేశామనుకున్నారు. ఆ అమ్మాయి మేనమామ, కోదాడ పెద్దమనిషి, స్టేజీ ఎక్కి నా చేతులు పట్టుకున్నాడు.

"అదరగొట్టేశారండీ! కరెంటు పోయిందని మేం కంగారుపడితే మీరు దాన్నీ వాడుకున్నారు. ఇంతకీ ఈ పెద్దాయన ఎవరండీ?"

ఇదిగో, ఆ మాట ఇక్కడుంది.

"మా దగ్గర్నే నేర్చుకుంటున్నడండి" అన్నాను. "బ్యాండ్‌ల ఉంటడు. జర లేటుగ మొదలువెట్టిండు గనీ, మంచిగనే పట్టుకున్నడు."

ఏసోబు సారు పక్కనే ఉన్నాడు. నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆ మేనమామకు చేతులు జోడించాడు.

"అవునండి. సారే నేర్పిండు."

"ఎన్నేళ్లయిందండీ నేర్చుకోబట్టి?"

"ఇంక నేర్చుకుంటనే ఉన్న."

శాలువా నాకు కప్పారు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

ఎందుకన్నాను ఆ మాట? ఎన్నిసార్లు అడుక్కున్నానో. నన్నెవరూ బలవంతపెట్టలేదు. "ఈయన మా గురువు" అని ఉంటే నాకు పోయేదేమీ లేదు. చప్పట్లు ఇంకా రెట్టింపయ్యేవి, గురుభక్తి కలవాడని ఇంకో శాలువా కూడా కప్పేవారేమో. మరెందుకు? చాలా ఏళ్లకు తెలిసింది. గురువు అని చెబితే, ఆయన్ని ఇంకోటి ఊదమంటారు. ఆయన ఊదుతాడు. ఆయన పక్కన నేను ఉంటాను. ఇద్దరం పక్కపక్కన ఊదితే చిన్నపిల్లలకు కూడా తేడా తెలిసిపోతుంది. అందుకని నన్ను అప్పుడే కాపాడిన మనిషిని తోసేశాను. ఆయన ఊపిరి తీసుకున్నాను సరే, ఆయన పెద్దరికం కూడా తీసుకున్నాను. మొదటిది దొంగతనం. రెండోదానికి నాకు పేరు తెలియదు.

మెట్ల దగ్గర మళ్లీ ఎదురయ్యాడు. కడిగేస్తాడు, కడిగేస్తే బాగుండు అనుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "బుగ్గలు ఉబ్బియ్యకు బిడ్డా. బుగ్గలల్ల గాలి ఎంతుంటది? కడుపుల నుంచి తియ్యి. కాడ ఊదుతున్నవా లేదా?" అన్నాడు. అంతే. మేళం ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మారిపోయానని చెప్పాలని ఉంది. మారలేదు. ఇంకో రెండు సీజన్లు అదే పెన్‌డ్రైవ్‌తో నడిపాను. కాకపోతే కరెంటు భయం పట్టుకుని, ఫంక్షన్ హాలుకు వెళ్లగానే ముందు జనరేటర్ దగ్గరికి వెళ్లి డీజిల్ ఉందో లేదో చూసేవాణ్ణి. శాక్సోఫోన్ ఊదేవాడికి డీజిల్‌తో ఏం పనో హాలు వాళ్లకు అర్థమయ్యేది కాదు. ఒకనాడు సూర్యాపేటలో ఒక సౌండ్ సిస్టం అతను నా కాలి దగ్గరి బటన్ వంక చూసి నవ్వాడు. ఆ రోజే ఫోన్‌లోంచి, పెన్‌డ్రైవ్‌లోంచి ఆ రికార్డు తుడిచేశాను. సిగ్గుపడి కాదు. దొరికిపోతానని.

గుక్క ఐటమ్ లేకుండా నా ప్రోగ్రాం బోసిపోయింది. పిలుపులు తగ్గాయి. అప్పుడు, ఇంకో దారి లేక, మా పెరట్లోని బొప్పాయి ఆకు కాడ ఒకటి కోసి చెంబు ముందు కూర్చున్నాను. గొప్ప పశ్చాత్తాపంతో కూర్చున్నానని అనుకోకండి. గతిలేక కూర్చున్నాను. నా భార్య నవ్వేది. పదిహేను లెక్క ఇరవై అయింది. ఇరవై దగ్గర ఏడాది ఆగిపోయాను. కానీ ఊదేకొద్దీ ఒకటి జరిగింది. ఆయన చెప్పిన ఒక్కొక్క మాట దాని చోటులోకి వచ్చి కూర్చుంది. మెట్ల దగ్గర చెప్పిన మాట అన్నిటికంటే ముందు. బుగ్గలు కాదు, కడుపు. ఆ పూట నన్ను పట్టించి పోగలిగిన మనిషి నాకు పాఠం చెప్పి పోయాడు. బుడగలు ఆగకుండా నిమిషం దాటిన రోజు చెంబు ముందే కూర్చుని ఏడ్చాను. అది ఏడుపు అనాలో, కృతజ్ఞత అనాలో తెలియదు. ఆయన మీద నాకు ఉన్నది అదే. భయం ఉంది, సిగ్గు ఉంది, వాటన్నిటి కింద చాలా కృతజ్ఞత ఉంది.

పోయిన నెల ఆయన కూతురు ఫోన్ చేసింది. స్కూల్లో టీచరు. "అన్నా, నాయిన ఊదింది ఏమన్న రికార్డు ఉందా నీ కాడ? మా కాడ ఒక్కటి లేదు. ఇప్పుడు ఊదలేడు" అంది. ఊక దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసిందని దవాఖానలో చెప్పారట. "లేదమ్మా" అన్నాను. నిజమే చెప్పాను. ఆ నిజం కంటే అబద్ధం తేలికగా ఉండేది. ఆ మనిషి గుక్క లోకంలో ఒక్కచోటే, నా రికార్డులోనే ఉండేది. దాన్ని దొంగిలించిందీ నేనే, తుడిచేసిందీ నేనే.

శాక్సోఫోన్ తీసుకుని మిర్యాలగూడ వెళ్లాను. తెల్ల కోటు వేసుకోలేదు. ఆయన వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు, బక్కచిక్కి. నేను స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, పేరు లేని ఆ వరస మొదటి నుంచి ఊదాను. తిరగలేదు, వంగలేదు. పైస్వరం మీద మూడు నిమిషాలు. కళ్లు తెరిచి చూస్తే ఆయన దవడలు కదులుతున్నాయి. నాతో పాటే నోట్లో గాలి తిప్పుతున్నాడు.

ఆయాసం తగ్గాక అన్నాడు. "అంత మంచిగనే ఉంది గనీ, ఆ టక్ ఎందుకు వెట్టినవ్? అది నా కీ ఖరాబై వచ్చేది."

కూతురు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ టక్ లేకుండా ఆ వరస నాకు రాదని ఎలా చెప్పను? అప్పుడు ధైర్యం చేశాను. "సారూ, కోదాడల ఆ దినం నేను..." అన్నాను.

"కోదాడల వంకాయ కూర మంచిగుండె" అన్నాడు ఆయన. "ఇగ అసుంటి కూర మళ్ల తినలే."

అది క్షమించడమో, మాట మార్చడమో, నిజంగా కూరే గుర్తుందో నాకు తెలియదు. మళ్లీ ఎత్తే ధైర్యం చాలలేదు. కూతురు నేను ఊదింది ఫోన్‌లో రికార్డు చేసుకుంది. నాయనది లేదు కాబట్టి నాది దాచుకుంది.

మొన్న సూర్యాపేటలో ఒక రిసెప్షన్‌లో కూర్చుని ఆ వరస ఊదాను. పెన్‌డ్రైవ్ లేదు. "ఏందన్నా, ఇయాల తిరగవా?" అని వెనక నుంచి కేకలు. మిగతా పాటలకు తిరిగాను లెండి, ఆ సరదా నన్ను వదలదు. అయిపోయాక ఒకాయన వచ్చి ఈ గుక్క ఎవరు నేర్పారని అడిగాడు. మళ్లీ అదే ప్రశ్న, పన్నెండేళ్ల తర్వాత. "ఒక పెద్దాయన" అన్నాను. పేరు నోటి దాకా వచ్చి ఆగింది. ఇంటికి వచ్చి నిద్ర పట్టక ఇది రాయడం మొదలుపెట్టాను.

చదివితే ఈ వైపు వాళ్లకు నేనెవరో తెలిసిపోతుంది. తెలియనివ్వండి. ఇది రాస్తే ఆయన శాలువా ఆయనకు తిరిగి వెళ్లదు, తుడిచిన రికార్డు రాదు. కానీ రాస్తుంటే గాలి కడుపులో నుంచి వస్తోంది.

కోదాడలో ఆ రోజు భోజనానికి వచ్చినవాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఒక మాట బాకీ ఉన్నాను. ఎర్ర కోటు వేసుకుని కుర్చీల మధ్య నడిచొచ్చిన ఆయన పేరు ఏసోబు. మిర్యాలగూడ. ఆయన నా దగ్గర నేర్చుకోలేదు. నేనే ఆయన దగ్గర నేర్చుకున్నాను.